ఏడు బ్యాండ్ వచ్చింది, క్లాసు మాత్రం అందడం లేదు

ప్రశ్న: అక్కా, నమస్తే. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చెయ్యడానికి ఈ దేశం వచ్చి మూడు నెలలైంది. స్కూలు నుంచి డిగ్రీ దాకా నాది ఇంగ్లిష్ మీడియమే. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో 7 బ్యాండ్ వచ్చింది, అందుకని భాష గురించి బెంగే పెట్టుకోలేదు. తీరా వచ్చాక చూస్తే లెక్చర్ మొదటి పది నిమిషాలు బాగానే అందుతుంది, ఆ తర్వాత ఎక్కడో తెగిపోతుంది. సెమినార్‌లో నేను వాక్యం కూర్చుకునేలోపు వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతారు. నోరు తెరిస్తే 'సారీ?' అని మళ్లీ అడుగుతారు. మొదటి వ్యాసం అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మార్జిన్‌లో ఒకచోట 'సో వాట్?' అనీ, రెండుచోట్ల 'టూ డిస్క్రిప్టివ్' అనీ రాశారు. ఆ పేజీలు మీకు పంపుతున్నాను. రూమ్మేట్ సినిమాలు చూడమంటున్నాడు, ఇంకో ఫ్రెండ్ గ్రామర్ కోర్సులో చేరమంటున్నాడు. ఏఐకి ఇచ్చి తిరగరాయించుకుంటే తప్పా? రెండో వ్యాసానికి మూడు వారాలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నువ్వు పంపిన పేజీలు నాలుగుసార్లు. గ్రామర్ కోర్సు అక్కర్లేదు, ఆ డబ్బు దాచుకో.

నీకొచ్చిన 7 అబద్ధమేమీ కాదు. అది కొలిచింది ఒకటి, ఇప్పుడు నీకు కావలసింది ఇంకొకటి. ఆ పరీక్షలో పెద్ద వ్యాసమంటే 250 మాటలు, ఓ నలభై నిమిషాలు. విషయం అందరికీ తెలిసినదే ఇస్తారు, ముందుగా ఏమీ చదివి వెళ్లక్కర్లేదు. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా కూర్చున్న మనిషికి నువ్వు చెప్పేది వినడమే పని. సెమినార్‌లో డజను మంది ఉంటారు, నీ కోసం ఆగాల్సిన అవసరం అందులో ఎవరికీ ఉండదు.

టొరంటోలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లోనే ఈ తేడాకి పేర్లు పెట్టాడు. కబుర్లు చెప్పుకునే భాష వేరు, చదువు భాష వేరు అన్నాడు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు మొదటిది రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండోదాంట్లో తోటిపిల్లలతో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన లెక్క. అది బడిపిల్లల లెక్క, నీకు అక్షరాలా వర్తించదు, ఏడేళ్లని చదివి కంగారుపడకు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోన్‌లోనూ బస్సులోనూ ఇంగ్లిష్ గడగడా వస్తోంది కాబట్టి క్లాసులోనూ రావాలి కదా అని నిన్ను నువ్వు తిట్టుకోకు. పక్క సీట్లో కూర్చున్న, ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష రాని కుర్రాణ్ని అడిగి చూడు, అతని వ్యాసం మీదా ఎక్కడో ఒక 'సో వాట్?' ఉంటుంది.

అందుకే ఇంగ్లిష్ మొత్తాన్నీ బాగుచేసుకోవాలని కూర్చోకు. నీకు కావలసింది నీ కోర్సు ఇంగ్లిష్. అది సినిమాల్లో దొరకదు. నీ లెక్చర్లలో, నీ రీడింగ్ లిస్టులో, నీ వ్యాసం మార్జిన్‌లో దొరుకుతుంది. మార్జిన్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ బాధ అక్కడే ఉంది.

ఆస్పత్రి సిబ్బంది చేతులు సరిగా కడుక్కోవాలంటే శిక్షణ ఇస్తే సరిపోతుందా అన్నది నీకిచ్చిన ప్రశ్న. నువ్వు 1847లో, వియన్నా ఆస్పత్రిలో, డాక్టర్ల చేత చేతులు కడిగించిన సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి దగ్గర మొదలుపెట్టావు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లు, బాలింత జ్వరం, తగ్గిన చావులు, ఆయన మాట నమ్మని తోటి డాక్టర్లు. అన్నీ నిజాలే, ఆసక్తిగా కూడా రాశావు. కానీ 1500 మాటల వ్యాసంలో 200 మాటలు ఆయనకే పోయాయి, అడిగిన ప్రశ్న ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉంది. 'సో వాట్?' అని రాసింది సరిగ్గా అక్కడ. అది వెక్కిరింత కాదు. 'ఇంతకీ నువ్వేమంటావు?' అని అడుగుతున్నారు.

మనకు ముందు నేపథ్యం చెప్పి, మెల్లగా విషయంలోకి రావడం అలవాటు. తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, అప్పటిదాకా వినేవాళ్లు ఓపిక పడతారు. మన పేరాలు కూడా అదే ఓపికని అడుగుతాయేమోనని నాకో అనుమానం. ఇది శాస్త్రం కాదు, చాలా వ్యాసాలు దిద్దిన చెయ్యి కాబట్టి అనుకుంటున్నానంతే. ఇంగ్లిష్ యూనివర్సిటీ వ్యాసం చదివేవాళ్లకి ఆ ఓపిక ఉండదు. పేరా మొదటి వాక్యంలోనే నీ మాట చెప్పెయ్యాలి, సాక్ష్యం తర్వాత రావాలి.

నీ రెండో పేరా ఉన్నదున్నట్టు ఇదీ: 'ఎ స్టడీ సెడ్ ట్రైనింగ్ ఇంప్రూవ్డ్ హ్యాండ్ వాషింగ్. అనదర్ స్టడీ సెడ్ ఆఫ్టర్ సమ్ మంత్స్ ఇట్ కేమ్ డౌన్. అనదర్ స్టడీ సెడ్ నర్సెస్ ఆర్ హావింగ్ నో టైమ్.' మూడు అధ్యయనాల్ని వరసలో నిలబెట్టావు గానీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. 'డిస్క్రిప్టివ్' అంటే ఇదే. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి, ఈ మూడూ చదివాక ఏమనిపించిందో నాకు తెలుగులో చెబుతున్నట్టు అనుకో. 'శిక్షణ పనిచేస్తుందక్కా, కానీ నిలవదు. వాళ్లకి తెలియక కాదు, తీరిక లేక' అంటావు కదా? అదీ నీ వాదన. నీ బుర్రలో ఉంది, వ్యాసంలోకి రాలేదు. దాన్ని ఇంగ్లిష్‌లో పెడితే: 'ట్రైనింగ్ అలోన్ ఈజ్ అన్‌లైక్లీ టు బి ఇనఫ్, బికాజ్ ద మెయిన్ బ్యారియర్ అపియర్స్ టు బి టైమ్ రాదర్ దాన్ నాలెడ్జ్.' ఈ వాక్యం పేరా నెత్తి మీద పెట్టు. నీ మూడు అధ్యయనాలూ దీని కింద సాక్షులుగా నిలబడతాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 'హవెవర్', మూడోదాని ముందు 'వన్ పాజిబుల్ ఎక్స్‌ప్లనేషన్ ఈజ్ దట్' చాలు.

ఆ వాక్యంలో 'అన్‌లైక్లీ', 'అపియర్స్' ఎందుకున్నాయో చూడు. గట్టిగా, ఘంటాపథంగా రాస్తేనే తెలివిగా ఉంటుందని మనకు నేర్పారు. ఇక్కడ సాక్ష్యం ఎంత బలంగా ఉంటే మాట కూడా అంతే బలంగా ఉండాలి. మూడు పేపర్లు చదివి 'ప్రూవ్స్' అని రాస్తే ట్యూటర్ పెన్ను అక్కడే ఆగుతుంది. 'సజెస్ట్స్' అను. 'సెడ్' అన్న ఒక్క మాటతో వ్యాసమంతా నడిపించకు, ఈ క్రియలు నీ అభిప్రాయాన్ని కూడా మోస్తాయి. 'ఫౌండ్' అంటే ఆ ఫలితాన్ని నువ్వు ఒప్పుకుంటున్నట్టు, 'ఆర్గ్యూస్' అంటే అది ఆ రచయిత వాదన అన్నట్టు, 'క్లెయిమ్స్' అంటే నీకు పూర్తిగా నమ్మకం కుదరనట్టు.

ఇలాంటి మాటల అచ్చులు కావాలంటే మాంచెస్టర్ యూనివర్సిటీలో జాన్ మోర్లీ కూర్చిన అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ వెబ్‌సైట్ ఉంది, ఉచితంగా చూడొచ్చు. అవి ఎవరి సొత్తూ కాదు, వాడితే కాపీ కిందికి రాదు. అయితే నీ రీడింగ్ లిస్టులోంచి నువ్వే ఏరుకున్నవి ఇంకా బాగా అతుకుతాయి. రోజుకో పేరా తీసుకో. విషయమంతా కొట్టేసి ఎముకలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకో: 'ఆల్దో ఫలానా హాజ్ బీన్ వైడ్లీ స్టడీడ్, లెస్ ఈజ్ నోన్ అబౌట్ ఫలానా.' ఫలానా ఉన్నచోట నీ విషయం పెట్టి ఒక వాక్యం రాయి. పది నిమిషాల పని.

ఇక తప్పులు. నువ్వు పంపిన పేజీల్లో పద్నాలుగు లెక్కపెట్టాను. తొమ్మిది ఆర్టికల్సే. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి 'ద' లేకపోయినా మన చెవికి లోటు తెలియదు. అవి చాలా ఏళ్లు వెంటాడతాయి, నాకిప్పటికీ అప్పుడప్పుడు జారిపోతాయి. చాలాసార్లు అర్థం చెడదు, కాబట్టి వాటి గురించి నిద్ర పాడుచేసుకోకు. ఒక్క సూత్రం మాత్రం పట్టుకో. లెక్కపెట్టగలిగిన వస్తువు పేరు ఏకవచనంలో ఒంటరిగా నిలబడదు, దాని ముందు 'ఎ' గానీ 'ద' గానీ 'దిస్' గానీ 'దెయిర్' గానీ ఏదో ఒకటి ఉండాలి. నీ తొమ్మిదిలో ఆరు దీంతోనే పోతాయి. మిగతావాటిలో మూడు తెలుగులోంచి నేరుగా దిగినవి. 'చర్చించడం' పక్కన మనకు 'గురించి' కావాలి, అందుకే 'డిస్కస్ అబౌట్' అన్నావు. అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. 'మెనీ స్టడీస్ ఆర్ దేర్' అంటే 'చాలా అధ్యయనాలు ఉన్నాయి', 'దేర్ ఆర్ మెనీ స్టడీస్' అనాలి. 'ఆర్ హావింగ్ నో టైమ్' సంగతి పైన చూశావు, 'హావ్ నో టైమ్' చాలు. ఎవరి తప్పులైనా వందల్లో ఉండవు. ఓ ఎనిమిదో పదో ఉంటాయి, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. చీటీ మీద రాసి గోడకి అంటించుకో. వ్యాసం అప్పగించేముందు ఒక్కో తప్పు కోసం ఒక్కో విడత చదువు. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ కనబడదు.

ఏఐ సంగతి అడిగావు. ముందు నీ కోర్సు నిబంధనలు చదువు. ఒకే యూనివర్సిటీలో ఒక సబ్జెక్టులో పనికొచ్చేది ఇంకో సబ్జెక్టులో నిషేధం కావచ్చు. స్పష్టంగా లేకపోతే ట్యూటర్‌కి మెయిల్ పెట్టి అడుగు, వచ్చిన జవాబు దాచుకో. ఒకవేళ ఒప్పుకున్నా, తిరగరాయించుకోవద్దనే చెబుతాను. నీ పేరాకి వచ్చిన జబ్బు భాషది కాదని చూశాం కదా. ఆ పేరానే ఇస్తే వాదన లేని పేరా నున్నగా తిరిగొస్తుంది, 'టూ డిస్క్రిప్టివ్' అన్న వ్యాఖ్యా దాని వెంటే వస్తుంది. పైగా ఆ తర్వాతి వ్యాసం నాటికి నువ్వు ఉన్నచోటే ఉంటావు. వాడుకోవడానికి అనుమతి ఉంటే ఇలా అడుగు: 'ఈ పేరాలో నేనేమంటున్నానో ఒక్క వాక్యంలో చెప్పు.' వచ్చిన జవాబు నువ్వు అనుకున్నది కాకపోతే, మళ్లీ నువ్వే రాయి.

ఒకరి మాటని సొంతమాటల్లో చెప్పడం దగ్గర కూడా చాలామంది బోల్తా పడతారు. మాటకి మాట మార్చి పర్యాయపదాలు పెడితే అది సొంతమాట కాదు, దొరికిపోయే మాట. నేను చేసే పద్ధతి ఇది. పేపర్‌లో ఆ భాగం చదువు. మూసెయ్. తెలుగులో రెండు ముక్కల్లో చెప్పుకో. ఆ తెలుగుని ఇంగ్లిష్‌లో రాయి. మళ్లీ తెరిచి అర్థం సరిచూసుకుని, పక్కన మూలం పెట్టు. తెలుగు మీదుగా వెళ్తే వాళ్ల వాక్యం జారిపోతుంది, అర్థం మిగులుతుంది. 'ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి' అని నీకు చెప్పేవాళ్లు తగులుతారు. ఈ పనికి మాత్రం వాళ్ల మాట వినకు. వ్యాసాల్లో పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో శాతం చూసి కూడా బెదిరిపోకు. అది ఇతర రచనలతో పోలిక ఎంత ఉందో చెబుతుంది గానీ ఎంత దొంగిలించావో చెప్పదు. సరిగ్గా కోట్ చేసిన వాక్యాలూ రిఫరెన్సుల జాబితా కూడా ఆ లెక్కలోకి రావచ్చు.

లెక్చర్ పది నిమిషాలకి ఎందుకు తెగుతుందో చెబుతాను. తెలియని మాట వస్తుంది, నువ్వు దాని దగ్గర ఆగిపోతావు, లెక్చరర్ ఆగరు. పదజాలం మీద పనిచేసిన పాల్ నేషన్ అనే పరిశోధకుడు, రాసిన పాఠం సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే అందులో 98 శాతం మాటలు తెలిసి ఉండాలని లెక్క చెప్పాడు. అంటే యాభై మాటలకు తెలియనిది ఒక్కటి. పుస్తకమైతే ఆగి వెతుక్కోవచ్చు, లెక్చర్‌లో ఆ వీల్లేదు, కాబట్టి వెతకడం ముందే అయిపోవాలి. స్లయిడ్లు ముందు రోజే పెడితే అరగంట కూర్చో. తెలియని ఓ పది మాటలు ఏరి, వాటి అర్థం చూడటమే కాదు, డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కి విను. కంటికి తెలిసిన మాట చెవికి తెలియకపోవడం నీ అసలు సమస్యల్లో ఒకటని నా నమ్మకం. మన చదువంతా కంటితోనే సాగింది మరి.

మధ్యలో తెగిపోయినా ఫర్వాలేదు, తప్పిపోయిన బస్సుని తర్వాతి స్టాపులో పట్టుకోవచ్చు. లెక్చరర్లు స్టాపులు చెబుతూనే ఉంటారు: 'సో ఫార్ వి హావ్ సీన్', 'కమింగ్ బ్యాక్ టు', 'హావింగ్ సెడ్ దట్', 'ద కీ పాయింట్ హియర్'. ఇవి వినబడగానే నోట్స్‌లో గీత కొట్టి కొత్తగా మొదలుపెట్టు, పోయినదాని కోసం వెనక్కి తిరగకు. అది రికార్డింగ్‌లో చూసుకోవచ్చు. రికార్డింగ్ కూడా గంటసేపు మళ్లీ వినకు, దాంతో అలసట తప్ప ఏమీ రాదు. తెగిన చోటు మూడు నిమిషాలు తీసుకో. ఒకసారి ఊరికే విను, ఒకసారి క్యాప్షన్లతో, మళ్లీ క్యాప్షన్లు తీసేసి. 'గోయింగ్ టు' కాస్తా 'గొన' అయిపోవడం, మాట చివరి హల్లు తర్వాతి మాటకి అంటుకుపోవడం అప్పుడు పట్టుబడతాయి.

మాటల జాబితా కావాలంటే ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఉంది. 570 పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు. యూనివర్సిటీ పాఠాల్లో దాదాపు పదోవంతు మాటలు వీటివే. బట్టీ పట్టొద్దు. చదివి, తెలిసినవాటికి టిక్ పెట్టి, మిగిలినవాటి కోసం నీ పేపర్లలో కాపు కాయి. ఒంటి మాట రాసుకోకు, జంటతో రాసుకో: 'కండక్ట్ ఎ స్టడీ', 'పోజ్ ఎ రిస్క్'. ఇంకో మాట, నీ సబ్జెక్టులో 'సిగ్నిఫికెంట్' అంటే గణాంకాల లెక్కలో తేలిన విషయం. 'ముఖ్యమైన' అనే అర్థంలో దాన్ని ఎడాపెడా వాడేశావు, నాలుగుచోట్ల కనిపించింది.

సెమినార్ గురించి రాసింది చదివి నవ్వుకున్నాను, ఏమనుకోకు. నేను పరాయి దేశంలో చదివేటప్పుడు ఎవరైనా ఆగితే మాట్లాడదామని ఓ టర్మ్ అంతా ఎదురుచూశాను. ఎవరూ ఆగలేదు. చివరికి ఓ రోజు ట్యూటర్ నావైపు తిరిగి నీ ఉద్దేశం ఏమిటని అడిగితే 'ఐ అగ్రీ' అన్నాను. 'విత్ హూమ్?' అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నేను నేర్చుకున్నది చెబుతాను. మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడాలి. ఆలస్యమైన కొద్దీ గుండె దడ పెరుగుతుంది, నీ మాట గొప్పగా ఉండాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. ఇంటి దగ్గరే ఒక ప్రశ్న రాసుకుని వెళ్లు, అవసరమైతే చూసి చదువు. వాళ్లు విషయం దాటి వెళ్లిపోయారా, 'కెన్ ఐ గో బ్యాక్ టు వాట్ యు సెడ్ అబౌట్...' అను. సెమినార్‌లో వెనక్కి వెళ్లడం తప్పు కాదు, విన్నావని వాళ్లకి తెలుస్తుంది కూడా. ధారాళంగా రావడానికి భాషా ఉపాధ్యాయులు 4/3/2 అనే అభ్యాసం చేయిస్తారు. చదివిన పేపర్ సంగతి నాలుగు నిమిషాలు చెప్పు, మళ్లీ అదే మూడు నిమిషాల్లో, మళ్లీ రెండు నిమిషాల్లో. ప్రతిసారీ కొత్త మనిషికి చెప్పాలి. మనుషులు దొరక్కపోతే ఫోన్‌లో రికార్డు చేసుకో. మూడోసారికి తడుములాట ఎంత తగ్గిందో నీకే వినబడుతుంది.

'సారీ?' అన్నది చాలాసార్లు యాస వల్ల కాదు, తప్పు అక్షరాన్ని ఒత్తి పలకడం వల్ల. మనం మాటలోని అన్ని అక్షరాలకూ సమానంగా బరువిస్తాం. ఇంగ్లిష్‌లో ఒక్కదాన్ని సాగదీసి మిగతావాటిని మింగేస్తారు, ఆ ఒక్కటి తప్పితే మాటే గుర్తుపట్టరు. 'ఎపిడెమిక్'లో బరువు 'డె' మీద, 'ఎపిడెమియాలజీ'లో 'యా' మీద. 'ఎనలైజ్'లో మొదటి అక్షరం మీద, 'అనాలిసిస్'లో 'నా' మీద. నీ సబ్జెక్టులో రోజూ వాడే ముప్పై మాటలకి ఇలా గుర్తులు పెట్టుకో. ఇంకా, ఆదుర్దాలో మనం వేగం పెంచుతాం, అది తగ్గించు. యాస మార్చుకోవడానికి మాత్రం ఒక్క గంట కూడా పెట్టకు. రూమ్మేట్‌తో తెలుగే మాట్లాడుకో, సినిమాలు సరదాకి చూడు.

రెండో వ్యాసానికి మూడు వారాలంటే తక్కువేమీ కాదు. ఈ వారం చదవడం. చదివిన ప్రతి పేపర్‌కీ తెలుగులో రెండు ముక్కలు, మొత్తం మీద నీ జవాబు ఒక్క వాక్యం. ఆ వాక్యం పట్టుకుని ట్యూటర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు. విద్యార్థులు వచ్చి అడగడానికే ఆ సమయం పెట్టారు, వెళ్తే ఏదో లోపం ఉందనుకోరు. 'ఈ ప్రశ్నకి ఇది జవాబు అవుతుందా?' అని ఒక్కటే అడుగు. రెండో వారం చిత్తుప్రతి రాసి, ఒక్క పేరా తీసుకుని యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌కి వెళ్లు. చాలాచోట్ల అక్కడ తప్పులు దిద్దిపెట్టరు, కానీ వాదన ఎక్కడ జారిందో చూపిస్తారు. చివరి వారం గోడ మీద చీటీ.

చిత్తుప్రతిలో మొదటి పేరా నాకూ పంపు. సెమ్మెల్‌వైస్ మళ్లీ అవసరం పడితే ఈసారి మూడో పేజీలో, ఒక్క వాక్యంలో రానీ.